రాయమల్లు గుర్రానికి రాజమౌళి తీర్పు

వరంగల్‌లో పెళ్ళి బారాత్ అంటే రాజమౌళి తెల్ల గుర్రమే. ముప్పై ఏళ్ళుగా గుర్రాల విషయంలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయన దగ్గరికే పరుగు. అలాంటి మనిషికి కంట్లో నలుసు ఒక్కటే: వర్ధన్నపేట రాయమల్లు ఆడగుర్రం. అది దక్కనీ జాతి, పొట్టిది. ఇప్పుడా జాతివి వేళ్ళమీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. అందుకని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి దానితో ఫొటోలు దిగిపోతున్నారు. ఈయన తెల్ల గుర్రమేమో పెళ్ళికొడుకు దిగగానే ఎవరికీ అక్కర్లేదు. పైగా ఆ పొట్టిదాని తల్లిని "గాడిదంత లేదు, తోలుకపో" అని రాయమల్లుకు ఊరికే ఇచ్చింది రాజమౌళే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

మొన్న పశువుల డాక్టరు భారతి, పోటీకి తెచ్చిన నాలుగైదు దక్కనీ గుర్రాల్లో మేలైనదాన్ని ఎంచమని ఆయన్నే పిలిచింది. రాజమౌళి చంకలు గుద్దుకుంటూ వెళ్ళాడు. నేరుగా రాయమల్లు గుర్రం ముందే ఆగాడు.

"ఎత్తే లేదు మేడం. కాళ్ళకు ఇనుప నాడాలు గూడ లేవు."

"దక్కనీ గుర్రం పొట్టిగనే ఉండాలె రాజమౌళిగారూ. నాడాలు అక్కర్లేని గిట్టలే దాని గొప్ప. బారాత్ గుర్రంలెక్క చూడకుండ్రి," అంది భారతి.

పదిమందిలో రాజమౌళి పరువు పోయింది. వంగి గుర్రం కాలెత్తి చూశాడు. గిట్టకు ఒక్క పగులు లేదు. ఛాతీ వెడల్పు, నడుం గట్టి. ఎంత వెతికినా వంక దొరకదు, అదీ ఆయన ఏడుపు! ఆఖరికి మెడ కింద వెంట్రుకల్లో వేళ్ళు పెట్టి, "ఇగో, పాడు సుడి. ఇంటికి అచ్చిరాదు," అనేశాడు.

"సుడులు నా మార్కుల లిస్టులో లేవండీ," అంటున్న భారతి మాట రాయమల్లు చెవికెక్కలేదు. ముఖం తెల్లబోయింది.

"గందుకేనా అన్నా, మా ఇంటామె కట్టమ్మకు జరం తగ్గుతలేదు? నువ్వు చెప్పినంక ఇగ తిరుగేముంది. రేపే అంగట్ల అమ్మేస్త," అన్నాడు.

రాజమౌళి కోరుకున్నది ఇదే. నోరు మూసుకుంటే చాలు. కానీ రాయమల్లు ఒక్కసారి కూడా ఆ మెడ కింద చెయ్యి పెట్టి చూసుకోలేదు. భార్య నెలరోజులుగా మంచంలో ఉన్నవాడు! రాజమౌళికి తనమీద తనకే రోత పుట్టింది.

"ఆగురా! సుడి లేదు, గిడి లేదు. నిన్ను ఓర్వలేక అబద్ధమాడిన. రాయుండ్రి మేడం, గిదే ఫస్టు."

రాయమల్లు జాలిగా నవ్వాడు. "నా మనసు కష్టపడ్డదని మాట మారుస్తానవా అన్నా? గుర్రాల సంగతిల నీ మాట ఎన్నడన్న తప్పిందా?" అంటూ పగ్గం పట్టుకుని నడిచాడు.

రాజమౌళి పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు. అందరూ చూస్తుండగా వాడి చెయ్యి లాగి గుర్రం మెడ కింద పెట్టి, "నా మాట నమ్మకురా తమ్మీ, దండం పెడుత, నువ్వే చూడు," అని బతిమాలాడు.