గొడుగు మార్కా దిండ్లు

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు హనుమకొండలో. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుందనగా, జనవరి మొదటి వారంలో హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు తిరిగి, ఏ కంపెనీకీ చెందకుండా సొంతంగా పనిచేసుకునే చిత్రకారులనూ, అచ్చు పనివాళ్లనూ, బట్టల డిజైనర్లనూ వెతికి పట్టుకోవాలట. మాది ఇంటి అలంకరణ సామాన్ల కంపెనీ. పరదాలు, దుప్పట్లు, దిండు గలీబులు, గోడకు తగిలించే బొమ్మలు అమ్ముతాం.

నా హోదా సీనియర్ బయ్యర్. బయ్యర్ అంటే షాపుకొచ్చి బేరమాడే మనిషి కాదు. షాపులో ఏం పెట్టాలో ముందే వెతికి, పరీక్షించి, పైవాళ్లకు చూపించే మనిషి. నా పైన కేటగిరీ హెడ్ అని ఒకాయన ఉండేవాడు, వయసులో నాకంటే చాలా చిన్న. మంచివాడే కాని, ఏది చూపించినా ఇందులో కథేముంది మేడం అని అడిగేవాడు. నేను బట్ట తేగలను గాని కథ ఎక్కణ్ణుంచి తెచ్చేది?

పని పద్ధతి ఇది. ముందు మనిషి పని చూడాలి. నచ్చితే స్ట్రైక్-ఆఫ్ అడగాలి. అంటే అసలు బట్ట మీద వేసిన మొదటి నమూనా అచ్చు. తడి తెల్లగుడ్డతో దాన్ని రుద్ది రంగు అంటుతుందేమో చూడాలి, ఉతికి ఆరేసి మళ్లీ చూడాలి. నిలబడితే రేంజ్ రివ్యూకి పంపాలి. వచ్చే ఆరు నెలలు షాపుల్లో ఏముండాలో తేల్చే సమావేశం అది. అక్కడ తప్పిపోయినవాళ్లు తర్వాతి రివ్యూ దాకా ఆగాల్సిందే.

భూపాలపల్లిలో గని దీపాలూ టోపీలూ గీసే ఒక డ్రాయింగు మాస్టారు దొరికాడు. జనగామ జిల్లా బచ్చన్నపేటలో పత్తికాయల డిజైనుతో దుప్పట్లు చేయించే ఒకావిడ దొరికింది. మహబూబాబాద్ జిల్లాలో మాత్రం పది రోజులు తిరిగినా చెయ్యి ఖాళీ. కాళ్లు పీకి, కేసముద్రం మార్కెట్ యార్డు ముందు కూర్చుని చాయ్ తాగుతుంటే, ఎదురుగా లారీ ఎక్కుతున్న కంది బస్తాల మీద నా చూపు పడింది. ఒక్కో వరుస మీద ఒక్కో బొమ్మ. కత్తెర, జంట చేపలు, తాళంచెవి, గొడుగు. ఆ గొడుగును చూసి గ్లాసు కింద పెట్టేశాను. గట్టిగా పది గీతలు లేవు, కాని అందులో వాన కనిపిస్తోంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత పొదుపైన గీత నేను చూడలేదు.

అవి ఎవరు వేస్తారని అడిగితే యార్డు చివర రేకుల షెడ్డు చూపించారు. అక్కడ సరోజ కూర్చుని ఉంది. పక్క తండా మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. పాత నూనె డబ్బా రేకును ఉలితో కోసి బొమ్మ తీస్తుంది. ఆ రేకును బస్తా మీద పెట్టి సిరా బ్రష్షుతో అద్దితే అచ్చు పడుతుంది. దాన్ని మార్కా రేకు అంటారు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. యార్డులో ప్రతి షావుకారుకూ ఒక గుర్తు. బస్తాలు మోసే హమాలీలు చీటీలు చూడరు, చూసే తీరికా ఉండదు. గుర్తును బట్టే లారీ ఎక్కిస్తారు, దింపుతారు.

పని తగ్గిపోతోందని సరోజ మొదటిరోజే చెప్పింది. మిషను మీద అచ్చయిన ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి. భర్త హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి, ఆమెనూ రమ్మంటున్నాడు.

“ఈ సీజన్ చూస్త మేడం. మీ తాన పనయితే సరి, లేకుంటే నేను గూడ పోయి సిమెంటు తట్టలు మోస్త. ఉలి అటక మీద పెడుత,” అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎలాగైనా ఈమెను రివ్యూలో నెగ్గించాలని పంతం పట్టాను. నాకు పంతం వస్తే చెవులు వినిపించవు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

నమూనాకు గొడుగు కావాలన్నాను. సరోజ తల అడ్డంగా ఊపింది. “గది ఇయ్యరాదు మేడం. గది మా షావుకారుది. వేరేది కోస్త.”

నమూనాకే కదా అన్నాను. హెడ్డాఫీసు మెచ్చేది అదే అన్నాను. బొమ్మకు పేటెంటు ఏమైనా ఉందా అని కూడా అన్నాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె చాలాసేపు బ్రష్షు కడుగుతూ కూర్చుని, చివరికి సరే అంది. నేను తెచ్చిన తెల్ల నూలు గలీబుల మీద బట్టల రంగుతో గొడుగులు వేసింది. హనుమకొండకు తెచ్చి రుద్దాను, ఉతికాను. రంగు చుక్క అంటలేదు.

రివ్యూకి రెండు రోజులుందనగా మిగతా గలీబులకూ గొడుగులు వేయించుకుని, అన్నిటినీ కలిపి యార్డులోనే గోనెగుడ్డలో కుట్టించాను. మీద హెడ్డాఫీసు చిరునామా కాగితం అంటించాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ముచ్చట ఆపుకోలేక, సరోజ చేతిలోంచి బ్రష్షు తీసుకుని, ఆ మూట మీద నా చేత్తోనే ఒక గొడుగు వేశాను. వంకరగా పడ్డా మురిసిపోయాను. మూటను షెడ్డు ముందరి అరుగు మీద పెట్టి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు తీసుకుపోవడానికి ఆటో కోసం బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీ.

లోపలినుంచి వచ్చిన సరోజ అరుగు వైపు చూసి, రోడ్డు వైపు చూసింది. “మీరే గొడుగు ఏసిన్రు కద మేడం. గొడుగు లారీ ఎక్కింది.”

గొడుగు షావుకారు కందులు ఆ పొద్దున జనగామలోని ఒక పప్పు మిల్లుకు పోతున్నాయి. హమాలీలు గుర్తు చూశారు, ఎత్తి లారీలో వేశారు. వాళ్ల పని వాళ్లు తప్పులేకుండా చేశారు. ఎవరికీ చెప్పకుండా జనగామ పోయి మూట తెచ్చుకుంటానన్నాను. సరోజ ఒప్పుకోలేదు.

“షావుకారుకు చెప్పకుంట పోతే, రేపటిసంది ఈ యార్డుల నా ముఖమెట్ల చూపియ్యాలె? ఒకల గుర్తు ఇంకొకలకు ఇచ్చిందంటే నా తాన రేకు ఎవ్వలు కోయిస్తరు?”

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. ఆమె చేతి పని నిలబెడతానని వచ్చి, ఉన్న ఆ కాస్త నమ్మకానికే ఎసరు పెట్టాను.

షావుకారు డెబ్బై దాటిన మనిషి. పొద్దున బయటికి పోయి, మధ్యాహ్నం దాటాక గాని దుకాణానికి రాలేదు. మేం దుకాణంలో అడుగుపెట్టేసరికి ఫోన్లో ఉన్నాడు. అవతల జనగామ మిల్లు మేనేజరు. “ఏం గలీబులయ్యా? నేను గలీబులు పంపుడేంది?” అంటున్నాడు. మూట మీద చిరునామా ఏదీ లేదని, షావుకారు కానుకనుకుని దిండ్లకు తొడిగి కుర్చీల్లో వేసుకున్నామని, మెత్తగా మంచిగున్నయని మేనేజరు చెబుతుంటే మాకు కూడా వినిపించింది. లారీకంటే ఆలస్యంగా నిజం చెప్పినవాళ్లమయ్యాం.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మా తాత పెట్టిన గొడుగు. దాని మీద ఎక్కి కూసుంటున్నరా?”

ఆయన సరోజ వైపు తిరిగి, నువ్వు వద్దనలేదా అని అడిగాడు. వద్దనే చెప్పిన అంది. మరి ఎందుకేసినవని అడిగితే, పెద్దమనిషి మళ్లమళ్ల అడిగింది, కాదనలేకపోయిన అంది. తప్పు నాదేనని, కావాలంటే కాగితం మీద రాసిస్తానని అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

“రాసుడెందుకమ్మా? పోయి లేపున్రి వాళ్లను. గొడుగులన్ని నాకు తెచ్చియ్యున్రి. ఇగ సరోజా, నువ్వు పరేషాన్ గాకు. రేపు కందులొస్తున్నయి, రేకు కడిగి పెట్టు.”

సరోజ బయటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె యార్డు ఆమెకు దక్కింది. రివ్యూకి మాత్రం నా చేతిలో నమూనా లేదు, ఎల్లుండే సమావేశం. నా సంచిలో ఎప్పుడూ రెండు మీటర్ల తెల్ల నూలుబట్ట ఉంటుంది, అదొక్కటే ఆధారం. నీ సొంత బొమ్మ ఏదైనా కొయ్యమన్నాను. ఆమె ఖాళీ రేకు ఒళ్లో పెట్టుకుని నవ్వింది.

“అందరి గుర్తులు కోసిన మేడం. నాదంటు ఏమున్నది?”

అని కాసేపు యార్డు వైపు చూస్తూ కూర్చుంది. బస్తాకు కొక్కెం వేసి లాగుతున్నారు హమాలీలు. పక్కన ఒకామె దబ్బనంతో బస్తా మూతి కుడుతోంది. సరోజ ఉలి తీసుకుంది. చూస్తుండగానే రేకులో ఒక కొక్కెం, దాన్ని చుట్టుకుపోయిన దారంతో ఒక దబ్బనం తేలాయి. రంగు ముట్టుకోబోతూ ఆగి, లేచి హమాలీల మేస్త్రి దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

“అన్నా, మీ కొక్కెం బట్ట మీద ఏసుకోవాల్నా?”

“కొక్కెం ఎవ్వని సొంతం బిడ్డా, ఏసుకో,” అన్నాడు మేస్త్రి. “గని కూసునేదాని మీద ఎయ్యకు. గుచ్చుకుంటది.”

యార్డంతా నవ్వింది. అందుకే అది గలీబు కాకుండా పరదా అయింది. పొద్దు వాలకముందే రెండు మీటర్లూ నిండాయి. రంగూ బట్టా పరీక్షకు నిలిచినవే గనక మళ్లీ ఉతకాల్సిన పని లేదు.

మర్నాడు పొద్దున హైదరాబాదు హెడ్డాఫీసుకని రైలెక్కి, దారిలో జనగామలో దిగాను. మిల్లు మేనేజరు గొడుగు మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. లేవమనడానికి మొహమాటపడ్డాను, కాని లేపాను. గలీబులన్నీ లెక్కపెట్టుకుని తర్వాత షావుకారుకు అప్పజెప్పాను. ఆయన ఒకదాన్ని పటం కట్టించి, గల్లాపెట్టె పైన గోడకు తగిలించుకున్నాడు.

రివ్యూలో కేటగిరీ హెడ్ పరదా చూసి, అలవాటుగా కథేముందని అడిగాడు. ఆ ఒక్కసారి నా దగ్గర కథ ఉంది. అంతా విని ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, పరదా ఖాయం చేశాడు. అంచు మీద సరోజ పేరు వెయ్యాలన్నాను. వేశారు. ఆమె భర్త ఆ ఎండాకాలం సెంట్రింగు మాని కేసముద్రం వచ్చేశాడు, ఇప్పుడు ఆమె కోసిన రేకులతో బట్ట మీద రంగు అద్దుతున్నాడు. సరోజ ఉలి అటకెక్కలేదు.

కొత్త పనివాళ్ల వివరాలు రాసే ఫారంలో నేను రిటైరయ్యేలోపు ఒక గడి చేర్పించాను. ఈ బొమ్మ ఎవరిదైనా గుర్తా, అయితే వాళ్లను అడిగారా అని. బొమ్మ బాగుందో లేదో చెప్పడం నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వచ్చు. అది ఎవరిదో ముందు అడగాలని ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. ఆ గడి ఇప్పటికీ ఫారంలో ఉందని విన్నాను.

రిటైరైన వారం సరోజ నా కళ్లజోడును రేకులో కోసి ఇచ్చింది. మా హాలు పరదా నిండా అవే కళ్లజోళ్లు. పోయిన నెల మా పక్కింటావిడ చూసి ముచ్చటపడి, రేకు రెండు రోజులకు ఇమ్మని అడిగింది. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి, గది ఇయ్యరాదు అన్నాను.