పడుగు వీధిలో ఆరో రాయి

సర్వోన్నతుడైన దేవునికి స్తోత్రం. ఆయన కృపవల్ల ఈ ముసలితనంలోనూ నాకు వాసనలు తెలుస్తున్నాయి. నిన్న పక్కింటివాళ్లు నూలు చీరలకు గంజి పెట్టి మేడమీద ఆరవేశారు. ఆ వాసన తగలగానే సుగుణమ్మ టీచరును చూడాలని ప్రాణం కొట్టుకుంది.

ఆమె మా సంఘంలో ఆదివారపు బడి చెప్పేది. యాభైలనాటి మాట. చింతాద్రిపేటలో మా నేతగాళ్ల ఇళ్ల మధ్య పొడవాటి వీధి ఒకటి ఉండేది. పొద్దున్నే పడుగులు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాగదీసి కుంచెతో గంజి పట్టించేది అక్కడే. అది ఏ ఒక్క ఇంటిదీ కాదు. హద్దుకు రాళ్లు పాతి ఉండేవి. శనివారం సాయంత్రాలు టీచరు హిందువులనూ క్రైస్తవులనూ కలిపి అక్కడే కూర్చోబెట్టి, ముళ్లు కొట్టి ఆ నేల చదును చేసిందెవరో, పడుగు పరిచే వంతులు ఎలా ఏర్పడ్డాయో, చావు జరిగిన ఇంటికి ముందు వంతు ఎందుకో చెప్పేది. “పితరులు తవ్విన బావుల్ని పూడ్చినోళ్ల సంగతి వాక్యంలో చదివినాం గదా. తవ్వినోళ్లని మరిచిపోతే పూడ్చేది శానా సులువు,” అనేది. పిల్లలం ఒక్కొక్కరం రాళ్ల వెంట నడుస్తూ, ఒక్కో రాయి దగ్గర ఒక్కో ముక్కగా ఆ కథంతా ఒప్పజెప్పాలి.

మా నాన్న సంఘపెద్ద. నడుము పడిపోయిన మా అవ్వ బయట కూర్చోవాలని, ఇంటి ముందు తిన్నెను వీధిలోకి మూరెడు పొడిగించాడు. ఆరో హద్దురాయి దాని కింద కప్పబడిపోయింది. అప్పటినుంచి మా ఇంటి దగ్గర పడుగులు పక్కకు వంచి పరిచేవారు. అందరికీ తెలుసు. నాన్న మీది గౌరవంతో ఎవరూ నోరెత్తలేదు.

ఒక శనివారం ఒప్పజెప్పే వంతు నాకు వచ్చింది. నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. ఐదో రాయి కథ చెప్పి ఏడో రాయి దగ్గరకు నడిచాను.

“ఆరోది పరలోకానికి పొయ్యిందా పాపా?” అన్నాడు ఎదురింటి మునుసామి. అందరూ నవ్వారు. టీచరు నవ్వలేదు.

“చూసింది చెప్పు తల్లీ. మీ నాయన మొగమూ చూడొద్దు, నా మొగమూ చూడొద్దు.”

చెబితే అవ్వకు కూర్చునే చోటు పోతుంది, నాన్నకు తల ఎత్తుకునే వీలుండదు. అయినా “మా తిన్నె కింద ఉండాది టీచర్,” అన్నాను. నాన్న లేచి వెళ్లిపోయాడు. సోమవారం తనే గడ్డపార పట్టి తిన్నె కొట్టేశాడు. “నేనింక లోపల్నే చావాల్నా?” అని అవ్వ ఏడ్చింది. నేను మూల కూర్చుని, తప్పు చేశానా ప్రభువా అని అడుగుతూనే ఉన్నాను.

మరునాడు సాయంత్రం టీచరు తన ఇంటి కుర్చీ మోసుకుంటూ వచ్చింది.

“ఇంకా ఏం కూల్చాల టీచరమ్మా?” అన్నాడు నాన్న.

“మాటలు తర్వాత. ముందు అవ్వని ఆ పక్క పట్టు పెద్దాయనా. పడుగు ఎత్తేసినాక ఈ వీధి కూర్చునేవోళ్లది. అదీ తాతలు పెట్టిందే, నేను చెప్పినప్పుడు నిద్రపోయినావా?”

నాన్నకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ అవ్వను మోసి వీధి నడుమ కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్లంతా ఆగి పలకరించారు. “తిన్నె మీద మన వాకిలే కనబడేది. ఈడ పేటంతా కనబడతాండాదే!” అంది అవ్వ. ఆమె కన్నుమూసేదాకా టీచరు ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

టీచరు ప్రభువు దగ్గరకు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ వీధి కథ ఒప్పజెప్పమని నన్ను అడిగేవారు ఇప్పుడు లేరు. నలుగురిదైన చోట తప్పు కనబడితే నేను నేటికీ చెబుతాను, చెప్పి తలుపేసుకుంటాను. మరునాడు టీచరులా ఆ తప్పు చేసినవాళ్ల ఇంటి గుమ్మం తొక్కడమే నాకింకా చేతకావడం లేదు. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, ఆ మరునాటి ప్రేమను మనందరికీ దయచేయమని నాతో కలిసి ప్రభువును వేడుకోండి.