మీ అమ్మగారు బతికున్నారా?

మనుషులు సగటున ఎన్నేళ్లు బతుకుతారో లెక్కగట్టడం నా ఉద్యోగం. చావులు సరిగా నమోదుకాని ఊళ్లలో మేం ఒక చిన్న ఉపాయం వాడతాం. ఇంటింటికీ వెళ్లి, "మీ అమ్మగారు బతికున్నారా?" అని అడుగుతాం. ఏ వయసువాళ్లలో ఎంతమందికి తల్లి ఉందో తెలిస్తే, అక్కడి ఆడవాళ్ల ఆయుర్దాయం ఒక మోస్తరుగా అంచనా కట్టొచ్చు. దీనికీ ఒక తెగులుంది. చిన్నప్పుడే తల్లి పోయి, పిన్నో పెద్దమ్మో పెంచినవాళ్లు ఆ పెంచినామెను తలచుకుని "ఉంది" అనేస్తారు. పోయిన తల్లి లెక్కలోంచి జారిపోతుంది. సర్వేకి వెళ్లే పిల్లలకి ఈ సంగతి తెగ నూరిపోసేదాన్ని.

మొన్న అనకాపల్లిలో మా వీధే సర్వేలో పడింది. సబ్బవరం నుంచి వచ్చిన అమ్మాయి ట్యాబ్ పట్టుకుని మా హాల్లో కూర్చుంది. కె. కోటపాడు నుంచి నన్ను చూడ్డానికి వచ్చిన అమ్మ, పక్కనే నేలమీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"మీ అమ్మగారు బతికున్నారా మేడమ్?"

"ఇదిగో, నీ ఎదురుగానే ఉందిగా," అన్నాను నవ్వుతూ. శ్రీరంగనీతులు చెప్పడానికేం, ఎన్నైనా చెప్తాం. నోరు మాత్రం తన పని తను చేసుకుపోయింది.

అమ్మ చెయ్యి ఆగింది. "ఉండమ్మా, అది నొక్కకు," అంది ఆ అమ్మాయితో. నా వైపు తిరిగి, "మరి దాన్నేటి సేసేవే?" అంది.

"ఎవర్నమ్మా?"

"మా అప్పని. నిన్ను కని పురిట్లోనే పోనాది కదే. పోటో నేదు. పోనాదని పంచాయితీలో రాయించినోళ్లూ నేరు. నన్ను సూపెట్టి ఉందనేత్తే, అది పుట్టనే నేదన్నట్టు గదా. సచ్చినోళ్ల లెక్కలోనైనా దాన్ని ఉండనీయే."

నన్ను కన్నామె గురించి నేనెప్పుడూ బెంగపడి ఎరగను. అమ్మ పడనివ్వలేదు. జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుంది, బడి వదిలేసరికి గేటు దగ్గర నిలబడింది. ఇక నాకు లోటెక్కడిది? అక్క పోయిన లోటు మాత్రం తన ఒక్కదానికే ఉండిపోయింది, ఇన్నేళ్లూ, మా అందరికీ అన్నాలు పెడుతూనే.

సర్వే అమ్మాయి అయోమయంగా చూసింది. "మరి మీరేమవుతారండి?"

"నానా?" అమ్మ చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టింది. "నాను దాని సెల్లిని."

ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు అమ్మయిన మనిషి, అక్కకి చోటివ్వడానికి ఒక్క మాటతో పక్కకి జరిగింది.

"లేదు," అన్నాను ఆ అమ్మాయితో. "మా అమ్మ లేదు."

అనగానే ఏడుపు ముంచుకొచ్చింది. ముఖమైనా ఎరగని ఆ మనిషి నాకు కావాలనిపించింది, జాతరలో తప్పిపోయిన పిల్లకి కావాలనిపించినట్టు. ఎదురుగా పరాయి పిల్ల ఉందన్న ధ్యాస కూడా లేకుండా, ఎలా ఉండేదమ్మా అని అమ్మని అడిగాను. ఆ మాట అడగడం నా జీవితంలో అదే మొదటిసారి.