రొయ్య పొట్టు పూత

మా అక్క రొయ్యలు ఒలిచి నన్ను చదివించింది. చాలామంది గర్వంగా చెప్పుకునే మాటే ఇది. నాకు మాత్రం ఆమె చేతులు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

ఎనభైల మొదట్లో విశాఖ హార్బరు పక్కన ఒక రొయ్యల షెడ్డులో ఆమె పని. తెల్లారిన దగ్గర్నుంచి ఐసు నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చోవాలి. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోటల్లా చర్మం ఒరిసిపోయి, వేళ్ల సందుల్లో పుండ్లు పడేవి. సరుకు విదేశాలకు పోయేది కాబట్టి రోజూ గేటు దగ్గర సూపర్వైజరు ఆడవాళ్ల చేతులు చూసేవాడు. పుండు కనిపిస్తే ఆ రోజుకి పని లేదు, కూలీ లేదు. పుండు పెట్టిందీ ఆ షెడ్డే, పుండుందని వెళ్లగొట్టేదీ ఆ షెడ్డే. ఇంత దిక్కుమాలిన న్యాయం నేనెక్కడా చూడలేదు.

నేను అప్పుడు చదువుకుంటూనే మా కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. మా మాస్టారికి రొయ్య పొట్టంటే పిచ్చి. పొట్టుని యాసిడ్‌లో నానబెట్టి సున్నం పోగొట్టి, కాస్టిక్ సోడాలో ఉడికించి, సోడా జాడ లేకుండా కడిగి ఆరబెడితే తెల్లటి పొలుసులు మిగిలేవి. దాని పేరు కైటోసాన్, పిండిపదార్థానికి దాయాది. పలచని వెనిగర్‌లో కరిగిస్తే గంజిలా అయ్యేది. పూర్ణా మార్కెట్ టమాటాలు అందులో ముంచి ఆరబెడితే కంటికి ఆనని పొర కట్టేది. మిగతావి కుళ్లిపోయినా అవి నిగనిగలాడుతూనే ఉండేవి. మచ్చ ఉన్న కాయని మాత్రం ఆయన ముంచనిచ్చేవారు కాదు. “లోపల మొదలైనదాన్ని పైపూత ఆపదమ్మా, దాస్తుంది, అంతే,” అనేవారు.

ఒక కాయ ఇంటికి తెచ్చి చూపిస్తే అక్క నొక్కి చూసి నవ్వింది. “పైన పటారం, లోన లొటారం కాదు గదే?” అంది.

కాయ నొక్కిన ఆ వేళ్లు చూశాకే ఈ గంజి ఆమె పుండ్లకు పనికొస్తుందేమో అనిపించింది. మాస్టారిని అడిగి, పులుపు బాగా తగ్గించి, ముందు నా చేతికి రాసుకుని చూశాను. మంట లేదు. సీసాలో పోసి అక్కకిచ్చాను. రాత్రిళ్లు పుండ్లు కడిగి రాసుకోమని, మానేదాకా ఐసులో చెయ్యి పెట్టొద్దని చెప్పాను. “అలాగేలే” అంది.

ఆ తర్వాత ఆమె ఒక్కరోజు కూడా పని మానలేదు. ఐసులో చెయ్యి పెడుతున్నా గేటు దగ్గర ఆపడం లేదంటే పుండ్లు మానిపోతున్నాయనే నేను మురిసిపోయాను.

ఒక పొద్దున ఆమె మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. అక్క గేటు బయట గోడవారన కూర్చుని, నేనిచ్చిన పూత వేళ్ల సందుల్లో రాసుకుని, కొంగుతో విసురుకుంటోంది. రసి ఆరి, పైన పొర కట్టింది. సూపర్వైజరు చేతులు తిప్పి చూసి లోపలికి పొమ్మన్నాడు.

సాయంత్రం ఇంట్లో గట్టిగా అరిచాను. “రాత్రి రాసుకోమన్నాను గదా!”

“రాత్తిరి నా సేతులు ఎవుడు సూస్తాడే?” అంది. “ఐసు నీళ్లలో అది గంటకే కరిగిపోతాది. గేటు దాటితే సాలు.”

ఇక ఇవ్వనన్నాను. “అయితే సున్నం పూసుకుని పోతాను,” అంది. అన్నంత పనీ చేసే మనిషి. సున్నం కంటే నయమని ఇస్తూనే వచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ మాస్టారి మచ్చకాయ గుర్తొచ్చేది.

వానాకాలంలో ఆమె కుడిచేతి చూపుడువేలు వాచింది. పైకి చర్మం నునుపుగానే ఉంది. లోపల చీము ఎముకదాకా పోయిందని పెద్దాసుపత్రిలో చెప్పి, వేలు తీసేశారు.

ఇంటికి తీసుకొచ్చాక గుమ్మంలో కూర్చుని నేను ఏడుస్తూంటే, అక్క ఎడమచేత్తో నా తల నిమిరింది. 

“ఊరుకోవే. మిగతా సెయ్యి బాగానే ఉంది,” అంది. కట్టు చెయ్యి ఒళ్లోకి తీసుకుని, “ఆ సీసాలో ఇంకేటైనా మిగిలిందా? కట్టు ఇప్పాక గేటుకాడ సూపించాలి గదా,” అంది.