ట్యూబ్‌లైటు అక్కగారు

ఆఁ, ఎక్కడ ఆపాం? చెకింగమ్మ డాక్టరు ముందు అబద్ధం ఆడిన దగ్గర కదూ. కాదు కాదు, అక్కణ్ణుంచి మొదలుపెడితే ఆవిడ మీద మీకు కోపం వస్తుంది. రావాల్సిందే అనుకోండి, కానీ ముందు మనిషిని చూడండి.

మందుల కంపెనీలో సీసాల మూతలు చూడటం ఆవిడ పని. బెల్టు మీద సీసాలు వరసగా వస్తుంటే మూత బిగిసిందా లేదా అని వేళ్ళతో తిప్పి చూస్తుంది. "ఈవిడ చెయ్యి పడ్డాక ఇంక దేవుడు కూడా చూడక్కర్లేదు," అనేవాడు సూపర్‌వైజరు. అందుకే ఆ పేరు. ఇంట్లోనూ అంతే. గ్యాసు కట్టేసి, తాళం వేసి, సందు చివరి దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి. చేత్తో ముట్టుకుని చూస్తే గానీ కాలు కదలదు. దాన్ని అందరూ శ్రద్ధ అన్నారు. ఆవిడా అదే అనుకుంది.

ఆవిడకో తమ్ముడు. వాడి కన్ను వాడి మాట వినదు. టపటపా కొట్టుకుంటుంది. ఉండుండి భుజం ఎగురుతుంది, గొంతులోంచి 'హుక్' మని చప్పుడు. అందుకే ఇంట్లో వాడు ట్యూబ్‌లైటు. బట్టల కొట్లో పనికి కుదిరితే, కన్ను కొట్టాడని ఒకావిడ చెప్పు తీసింది. యజమాని ఆ పూటే ఇంటికి పంపేశాడు. అక్కది శ్రద్ధ, తమ్ముడిది పొగరు. మనకి మాటలకేం కరువు.

కూతురి పెళ్ళికి వాణ్ణి రావద్దంది చెకింగమ్మ.

"వెనక వరసలో కూర్చుంటాలే అక్కా. కావాలంటే ఈ కన్ను ఇంట్లో పెట్టొస్తా," అని నవ్వాడు వాడు.

"వద్దులేరా. వాళ్ళడిగితే ఏం చెప్పను?"

వాడి నవ్వు ఆగింది, కన్ను ఆగలేదు. ఆ తర్వాత వాడు ఫోన్ చెయ్యలేదు. ఈవిడా చెయ్యలేదు.

ఇప్పుడేమో మనవరాలు. బళ్ళో కూర్చుని టపటపా కళ్ళార్పుతూ 'హుక్' మంటోంది. వెక్కిరిస్తున్నావా అని టీచరు దాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. "మా ఇంటా వంటా లేదు వదినగారూ. మీ వైపేమైనా..." అని సాగదీసింది వియ్యపురాలు.

"అబ్బే, మా వైపు ఎవరికీ లేదండీ."

డాక్టరమ్మ అడిగినా అదే మాట. పక్కనున్న కూతురు తల్లి మొహం చూసి, తల దించుకుంది.

"దీన్ని టూరెట్ అంటారు," అంది డాక్టరమ్మ. "పాప కావాలని చెయ్యట్లేదు, ఆపమంటే ఆగదు. ఎక్కువగా వంశంలోంచే వస్తుంది. ఒక్క జన్యువు కాదు, చిన్నచిన్నవి బోలెడు కలిస్తే. వచ్చిన వాళ్ళందరికీ ఇలాగే ఉండాలనీ లేదు. ఒకే ఇంట్లో ఒకరికి కన్ను కొట్టుకుంటే, ఇంకొకరు కుదురుగా కూర్చోలేకపోవచ్చు, మరొకరు చూసిందే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు. తలుపు, స్టవ్వు, అలాంటివి. అలా ఎవరైనా ఉన్నారా?"

అల్లుడు దగ్గినట్టు నవ్వాడు.

"మేం లేటుగా వచ్చింది అందుకేనండీ. అత్తయ్యగారు గ్యాసు చూడ్డానికి సందు చివర్నుంచి వెనక్కెళ్ళారు."

అందరి కళ్ళూ ఆవిడ మీదే. ఇన్నాళ్ళూ బెల్టు పక్కన నిలబడ్డ మనిషి, ఇప్పుడు బెల్టు మీద సీసా అయింది. తమ్ముణ్ణి దాచింది సరే, తననెక్కడ దాచుకుంటుంది?

"ఇందులో తప్పెవరిదీ కాదమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా.

ఆ మెల్లని మాటే చెంప ఛెళ్ళుమనిపించింది. జబ్బు ఎవరి తప్పూ కాదు, నిజమే. పెళ్ళికి రావద్దని ఏ జన్యువు అనిపించింది?

"మా తమ్ముడికుందండీ," అంది. "చిన్నప్పట్నుంచీ."

"మీకు తమ్ముడున్నాడా?" అన్నాడు అల్లుడు.

వెటకారం కాదు. పాపం, అతనికి నిజంగానే తెలీదు. పెళ్ళై, పిల్ల పుట్టి, ఆ పిల్ల బడికెళ్తున్నా ఆ ఇంట్లో ఎవరూ ఆ మనిషి ఊసెత్తలేదు మరి.

"ఆ తాతయ్య కూడా హుక్ అంటాడా అమ్మమ్మా? నాకు చూపించవా?" అంది పిల్ల, కళ్ళు టపటపలాడిస్తూ.

ఇంటికొచ్చి ఫోన్ తీసింది. నంబరు కంఠతా వచ్చు. అయినా అంకె అంకే చూసుకుంది, మళ్ళీ చూసుకుంది, చెరిపేసింది. 'మనిద్దరిదీ ఒకటే సరుకటరా' అంటే 'ఇప్పటికి తెలిసిందా' అంటాడు. అననీ. సాయంత్రం వాడు ఇంట్లో ఉండే వేళకి చెయ్యాలి. ఎత్తకపోతే మళ్ళీ చేస్తుంది. మళ్ళీ మళ్ళీ చెయ్యడం ఆవిడకి కొత్తేం కాదుగా.