రాళ్ల యార్డులోకి సిస్టం వచ్చిన కాలం

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక మనిషిని నేల మీద పడేసి తన్నడం చూశాను. మార్కాపురం శివార్లలో పలకరాయిని కోసి, పాలిష్ పట్టి, విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. డిగ్రీ కాగానే అక్కడ డిస్పాచ్ గుమాస్తాగా కుదిరాను. మా కిటికీ అవతలే యార్డు. కొయ్య పెట్టెల్లో సర్దిన రాళ్లు అక్కడ గుట్టలుగా ఉండేవి. ఆ రోజు నల్లరాయి పోవలసిన లారీలో ఆకుపచ్చ రాయి ఎక్కిందట. ఎక్కించిన హమాలీని యార్డు మేనేజరు బూటుకాలితో డొక్కలో తన్నుతున్నాడు.

"అన్నా, నువ్వు జూపిచ్చిన పెట్టెనే ఎత్తినా అన్నా!" అని ఆ మనిషి మట్టిలో దొర్లుతూ అరుస్తున్నాడు.

నేను లేవబోతుంటే పక్క సీటు ఆవిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఉండు పాప. తప్పెవరిదో ఈడ ఇట్లనే తేలుస్తారు" అంది.

ఏ రాయి ఏ క్వారీ నుంచి వచ్చిందో, ఎవరి ఆర్డరు కోసం కోశారో, కట్టిన పెట్టె ఏ మూలన ఉందో మేనేజరు తలలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఆయన మా యజమానికి బావమరిది. సరుకు ఎప్పుడు పంపగలమో అమ్మకాల వాళ్లు ఆయన్నే అడిగి కొనేవాళ్లకు చెప్పేవారు. ఆయన మాట తప్పిందంటే ఆ సాయంత్రం ఎవరికో ఒకరికి దెబ్బలు. ఆయన్ను ఎదిరించే ధైర్యం యజమానికి కూడా లేదు. ఆయన లేకపోతే మా యార్డులో మాకే ఏమీ తెలియదు మరి.

ఒక పెద్ద కొనుగోలుదారు కంటైనర్ తెరిచి, వేరే రకం రాయి చూసి, మాతో వ్యాపారం వద్దన్నాడు. అప్పుడు యజమాని హైదరాబాదు నుంచి ఈఆర్పీ అనే సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. క్వారీ, కోత, సరుకు, అమ్మకం, లెక్కలు అన్నీ ఒకే చోట కలిసే ఏర్పాటు అది. ఒకరు ఎక్కించింది అందరికీ కనిపిస్తుంది. మా వాళ్లు దాన్ని సిస్టం అనేవారు. యార్డు వివరాలు ఎక్కించే పని నాకు పడింది.

మొదటి రోజు నేను పెట్టెల వివరాలు అడగడానికి పోతే మేనేజరు నా వెంటే ఆఫీసులోకి వచ్చాడు. చేతిలో అరచేతి మందం రాతిపలక. "నా తలకాయలో ఉండేదంతా ఈ డబ్బాలో పోస్తే, రేపు నాతో పనేంది?" అంటూ దాన్ని ఎత్తి నా మానిటర్ మీద వేశాడు. గాజు ముక్కలు నా ఒళ్లో పడ్డాయి. యజమాని తన గదిలోంచి చూసి, మర్నాడు ఇంకో మానిటర్ పెట్టించాడు. బావమరిదిని మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు ముందటికంటే అధ్వానం. మేనేజరు కావాలని తప్పుడు వివరాలు చెప్పేవాడు. కోత ఆపరేటర్లు విసుగొచ్చి ఏదో ఒకటి చెప్పేవారు. స్క్రీన్ మీద ఉన్న పెట్టె యార్డులో ఉండేది కాదు, యార్డులో ఉన్నది స్క్రీన్ మీద ఉండేది కాదు. ఎవరు సరిగా చెప్పలేదన్న తగాదాలో ఒక హమాలీ గడ్డపారతో ఆపరేటరు తల పగలగొట్టాడు. యజమాని కోపం పట్టలేక కీబోర్డును గోడకేసి కొట్టాడు. సిస్టం నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి ఆయనతో అంది, "సార్, ఇది పెట్టగానే లాభం రాదు. మీ వాళ్లు రోజూ నిజం ఎక్కిస్తే ఏడాది రెండేళ్లకు వస్తుంది." ఆయన తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

రక్తం ఎక్కువ కారింది గేటు దగ్గర. సిస్టం ఇచ్చే గేట్‌పాస్ లేకుండా లారీ బయటికి పోకూడదని యజమాని కొత్త నిబంధన పెట్టాడు. గేటు దగ్గర కాపలా మనిషిది బేస్తవారిపేట వైపు. గొర్రెలు కాచుకునే కుటుంబం. అందరం మామా అనేవాళ్లం. ఒక మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, మేనేజరు తన స్నేహితుడి లారీని పాస్ లేకుండా పంపమన్నాడు.

"కాగితం లేకుంటే గేటు తియ్యొద్దని సారు జెప్పినాడు నాయనా" అన్నాడు మామ.

"నాకు జెప్తావంట్రా నువ్వు?"

గేటుకు అడ్డంగా వేసే ఇనుప కడ్డీ అక్కడే ఉంది. మేనేజరు దాన్ని రెండు చేతులా ఎత్తాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నా కిటికీ దాకా వినిపించింది. పరుగెత్తుకుపోయి కడ్డీ పట్టుకోబోయాను. ఆయన విదిలిస్తే నా నుదురు గేటు స్తంభానికి కొట్టుకుంది. కళ్లలోకి రక్తం కారింది. తుడుచుకుని చూసేసరికి మిషన్లన్నీ ఆగిపోయాయి. కోత షెడ్డు జనమంతా బయటికి వచ్చేశారు. వాళ్ల చేతుల్లో రాతి ముక్కలు.

ఇన్నేళ్ల దెబ్బలకు బదులు ఒక్కసారిగా తీర్చుకున్నారు. మేనేజరు కింద పడ్డాక కూడా రాళ్లు ఆగలేదు. పలకరాయి అంచు కత్తిలా ఉంటుంది. తగిలిన చోటల్లా చీరేసింది. ఆయనకు ఒక కన్ను పోయింది ఆ రోజే. నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరికీ వినపడలేదు. ఆపింది మామే. విరిగిన చెయ్యి వేలాడుతుంటే పాకుతూ పోయి ఆయన మీద అడ్డంగా పడ్డాడు.

"సంపుతారంట్రా! జైలుకు బోతార్రా! సాలు!" అన్నాడు.

చేతులు ఆగిపోయాయి. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు.

సర్కారు ఆసుపత్రి వరండాలో, నా నుదుటికి కుట్లు వేయించుకుని కూర్చున్నప్పుడు యజమాని నా పక్కకు వచ్చాడు. "ఆ సిస్టం వల్లనే గదమ్మా ఇంత రక్తం. తీసేద్దామా?" అన్నాడు.

"రక్తం ముందు నుంచీ ఉంది సార్. మీ దాకా రాలేదు, అంతే" అన్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన లేచాడు. నేరుగా వార్డులోకి పోయి, తలకు కట్టుతో పడుకుని ఉన్న బావమరిదితో, "ఇంక నువ్వు మా గేటు తొక్కాకు" అన్నాడు. యజమాని భార్య గుమ్మంలో నిలబడి విన్నది. తమ్ముడి మంచం దగ్గరికి పోయింది గానీ, మొగుణ్ణి ఆ మాట వెనక్కి తీసుకోమని అడగలేదు.

మేనేజరు వెళ్లిపోయాక మాకు ఏ పెట్టె ఎక్కడుందో నిజంగానే తెలియలేదు. మిషన్లు ఆపి, హమాలీలు, ఆపరేటర్లు, మేము అందరం కలిసి పెట్టెలు విప్పి చూసి, ఒక్కోదానికీ రంగుతో గుర్తు వేసి మళ్లీ ఎక్కించాం. చేతులు కోసుకుపోయాయి. అయినా స్క్రీన్ మీద ఉన్నదే యార్డులో ఉండడం మొదటిసారి అప్పుడే చూశాను.

లాభం మెల్లగా వచ్చింది. ముందుగా తెలిసింది కోత షెడ్డులో. అంతకుముందు ఒకసారి అరిగిపోయిన బ్లేడు ముక్క ఎగిరి ఒకతని భుజంలో దిగింది. ఇప్పుడు బ్లేడు ఎంతసేపు తిరిగిందో ఎక్కిస్తున్నాం గనుక మార్చే సమయం సిస్టమే చెబుతుంది. తర్వాతి ఏడాది అమ్మకాల వాళ్లు యార్డును అడగకుండానే తేదీ చెప్పగలిగారు, ఆ తేదీకే సరుకు పోయింది. ఆ పై ఏడాది, ఎవరూ కొనని రాయిని క్వారీలో తవ్వడం మానేశాం. మమ్మల్ని వదిలిపోయిన కొనుగోలుదారు మళ్లీ వచ్చాడు. తప్పులు ఇప్పటికీ జరుగుతాయి. కానీ ఎక్కడ జరిగిందో వెతికి దిద్దుకుంటాం, దానికి ఎవరి డొక్కలోనూ తన్నక్కరలేదు.

ఒకసారి కంభంలో బస్సు కోసం నిలబడి ఉంటే పాత మేనేజరు కనిపించాడు. గిద్దలూరులో ఏదో చిన్న దుకాణం నడుపుతున్నాడట. ఉన్న ఒక్క కంటితో నా నుదుటి మచ్చ చూశాడు.

"నా తల పగిలినాక గదా మీ సిస్టం నడిసింది" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన చేతిలో పగిలినవాళ్లు ఎందరో నాకు తెలిసినా, ఆ పోయిన కన్ను చూస్తూ ఆ సంగతి ఎత్తడానికి నోరు రాలేదు.

ఈ మధ్య కురిచేడు దగ్గర కంపెనీ రెండో యూనిట్ తెరిచింది. అక్కడి వాళ్లకు సిస్టం నేర్పడానికి నన్ను పంపారు. నేను పోయిన పొద్దున్నే ఇద్దరు మనుషులు ఒకరి కాలరు ఒకరు పట్టుకుని ఉన్నారు. ఒకతని ముక్కులోంచి రక్తం కారుతోంది. పెట్టె మారిందట. మధ్యలోకి పోయి ఇద్దరి చేతులూ విడిపించాను.

"ముందు మొహం కడుక్కో తమ్ముడూ. తర్వాత ఇద్దరూ నా పక్కన కూసోండి. ఆ పెట్టె యాడుందో ముగ్గురం కలిసి ఎతుకుదాం" అన్నాను.

ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే వచ్చి కూర్చున్నారు.