ఆలస్యంగా మోగే పెట్టె

అన్నీ సవ్యంగా ఉన్నాయని ఎవరైనా అంటే నాకు ముందు అనుమానం పుడుతుంది. గ్యాసు కట్టేశానని అక్క చెప్పినా వంటింట్లోకి వెళ్ళి చూసి వస్తాను. షోళింగనల్లూరులో నా ఉద్యోగానికి ఈ బుద్ధి బాగానే పనికొచ్చింది.

మా కంపెనీ గ్యాసు లీకైతే మోగే అలారం పెట్టెలు చేస్తుంది. పెట్టెలో అన్నిటికంటే ముందు లేచి మిగతా ప్రోగ్రాములను నడిపే కెర్నల్ పని నాది. ఊరికి అవతలి చివర మనలిలో మా అక్క భర్త, అంటే మా బావ, పనిచేసే ఫ్యాక్టరీలోనూ ఆ పెట్టెలే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒక్కసారీ ఆగలేదు. కాకపోతే గ్యాసు తగిలాక మీనమేషాలు లెక్కపెట్టి మరీ మోగుతాయి. ఆ జాప్యం పోవాలంటే పాత కెర్నల్‌కు అతుకులు వేస్తే చాలదు, మొత్తం మార్చాలి. నడుస్తున్నదాన్ని కదపడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కానీ ఆ పెట్టె కింద నిలబడేది మా బావ.

కొత్తది ఎక్కించి పరీక్షలు పెట్టారు.

"అన్నీ పాసయ్యాయండీ. రేపు మనలికి పంపేద్దాం," అన్నాడు విజయవాడ నుంచి వచ్చిన మా టీమ్ లీడ్.

"ఒక్కటన్నా ఫెయిల్ కాలేదా?"

"కాకపోయినా తప్పేనాండీ?"

నా మనసు ఒప్పుకోలేదు. ఇంత పెద్ద మార్పు చేస్తే ఎక్కడో ఒకచోట తేడా కొట్టాలి. ల్యాబులో పెట్టె దగ్గర సిగరెట్ లైటర్ పెట్టి, వెలిగించకుండా గ్యాసు వదిలాను. అది తీరిగ్గా ఆలోచించుకుని మోగింది. అదే పాత జాప్యం.

లోపల చూస్తే నడుస్తున్నది పాత కెర్నలే. అలారం ఎప్పుడూ ఆగకూడదని మేమంతా కలిసి పెట్టిన ఏర్పాటు ఒకటుంది: కొత్తది లేవకపోతే పెట్టె కిమ్మనకుండా పాతదానితో లేస్తుంది. కొత్తది అసలు లేవనే లేదు, పరీక్షలన్నీ పాసైంది పాతదే. మోగిందా లేదా అనే చూశారు గానీ, ఎంతసేపటికి మోగిందో ఎవరూ కొలవలేదు. అలాగే మనలికి వెళ్ళి ఉంటే, వెంటనే మోగుతుందని నమ్మి బావ దాని కింద నిలబడి ఉండేవాడు.

"రేపు పంపడం లేదు," అన్నాను. లీడ్ ముఖం మాడ్చుకున్నాడు.

ఆ ఆదివారం అన్నం తింటూ బావ అడిగాడు. "కొత్తది పెడతామంటిరే, ఏమాయె? ఆడ అందరూ ఎదురుచూస్తా ఉండారు."

"అది లేవలా బావా. అందాకా పాతదే ఉండనీ."

"పాతదో కొత్తదో నాకెందుకుమ్మా. టయానికి కూసేది పెట్టు, సాలు."

కొత్తది లేచి సరిగ్గా నడిచేసరికి వానాకాలం వచ్చేసింది. మనలిలో బిగించే ముందు బావ ఆఫీసు గదిలోంచి ఫోన్ చేసి, దాన్ని పెట్టె దగ్గర పట్టుకున్నాడు.

"ఇదో, టెస్టు గ్యాసు పడతా ఉండారు," అన్నాడు. ఆ మాట ముగిసేలోపే అలారం మోగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వినపడిందా?"

"వినపడింది. ఇంకోసారి పట్టమను బావా."